స్కోరు పెంచుకోవడం ఎలా? (మదనపల్లె, పుంగనూరు, కుప్పం వ్యాపారులకు మాత్రమే)

మదనపల్లెలో టమోటా మండీయో, పుంగనూరులో ఆవుల ఫారమో, కుప్పంలో గ్రానైటు వ్యాపారమో నడుపుతున్నారు. వెబ్‌సైటు కూడా పెట్టారు. బేరాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీ డొమైన్ అథారిటీ ఎంత? తెలియదా? అయితే ఇన్నాళ్ళూ మీరు చేసింది వ్యాపారమే కాదు.

మొదట ఒక స్కోరును ఎంచుకోవాలి. బజార్లో చాలా ఉన్నాయి. మోజ్ అనే కంపెనీ డొమైన్ అథారిటీ అంటుంది, అహ్రెఫ్స్ అనే కంపెనీ డొమైన్ రేటింగ్ అంటుంది. రెండూ నూటికే, రెండూ మీ సైటుకు బయటి సైట్ల నుంచి వచ్చే లింకులు చూసి వేసేవే. ఒకే సైటుకు ఒకరు 12 వేస్తే ఇంకొకరు 31 వేయొచ్చు. ఎక్కువ వేసినవాళ్ళనే నమ్మండి, తక్కువ వేసినవాళ్ళకు లెక్కలు రావనుకోండి. ఈ మార్కులు వేసేది తాము కాదనీ, ఎవరిని పైన చూపాలో తేల్చేటప్పుడు వీటిని చూడమనీ గూగుల్ వాళ్ళు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఆ మాట మాత్రం చెవిన పడనివ్వకండి. ఉత్సాహం చచ్చిపోతుంది.

ఈ పిచ్చి నిన్నమొన్నటిది కాదు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ గూగుల్ పెట్టబోతున్న ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ఒక లెక్క బయటపెట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఓటు. ఓటేసినవాడికి ఎంత పలుకుబడి ఉంటే ఆ ఓటుకు అంత బరువు. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు. 2000లో గూగుల్ దాన్ని టూల్‌బార్‌లో సున్నా నుంచి పది దాకా ఒక పచ్చ పట్టీగా అందరికీ చూపించింది. ఓటుకు బరువుందని జనానికి తెలిశాక ఏం జరుగుతుందో మన వైపువాళ్ళకు ఒకరు చెప్పాలా? లింకులకు రేట్లు కట్టి అమ్ముకున్నారు. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లను గూగుల్ కిందికి తోసింది. పచ్చ పట్టీ 2013 డిసెంబరు తర్వాత కదల్లేదు. 2016లో దాన్ని తీసేశారు. ఇక ఏ సైటును ఎందరు చూస్తున్నారో అంచనా కట్టిన అలెక్సా ర్యాంకు సంగతి మరీ ముచ్చట. ఆఫీసులో అందరూ దాని టూల్‌బార్ పెట్టుకుని, తమ సైటును తామే రోజూ చూసుకుంటే ర్యాంకు మెరుగయ్యేది. అమెజాన్ 2022 మే 1న ఆ దుకాణమూ మూసేసింది. దేవుళ్ళు మారినా భక్తి తగ్గలేదు కాబట్టి మనం ముందుకు పోదాం.

ఇప్పుడు లింకులు కొనండి. ఐదు వందల లింకుల ప్యాకేజీ అయితే చౌక. పోలండ్‌లో ఒక పళ్ళ డాక్టరు, బ్రెజిల్‌లో ఒక చెప్పుల దుకాణం, ఎక్కడిదో తెలియని పేకాట సైటు, అందరూ కలిసి మదనపల్లెలో మీ మండీ అంత మండీ లేదని సాక్ష్యం చెబుతారు. చెన్నై నుంచి వచ్చిన వ్యాపారి మార్కెట్ యార్డులో బాక్సు పైన మెరిసే కాయలు చూసి పాట పాడడు. చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు కాయ పైకి తీసి నొక్కి చూస్తాడు. గూగుల్‌కు ఆ తెలివి లేదని మనం గట్టిగా నమ్మాలి.

తర్వాత రాతకోతలు. సైటులో సరుకు గురించి తప్ప అన్నిటి గురించీ రాయించండి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కట్టారు. అది మన ఊరికి గర్వకారణమే. అయితే దాన్ని టమోటా మండీ సైటులో రెండు వేల మాటల్లో రాయించి, నడుమ నడుమ ‘బెస్ట్ టొమాటో సప్లయర్ ఇన్ మదనపల్లె’ అని ఇరికించడమే నేర్పు. పక్కనున్న హార్స్‌లీ హిల్స్ కథను వచ్చే నెలకు దాచుకోండి. ఏ రోజుకారోజు టమోటా రేటు మాత్రం పెట్టకండి. 2023 జులైలో మేలురకం కిలో రెండు వందల దాకా పోయినప్పుడు దేశమంతా మదనపల్లె రేటెంత అని అడిగింది. అప్పుడు మీ సైటు ‘మా విజన్, మా మిషన్’ చూపిస్తూ నిబ్బరంగా నిలబడింది. అలాగే నిలబడాలి.

పుంగనూరు వాళ్ళకు వేరే పాఠం. మీ ఆవు మూడడుగుల లోపే ఉంటుంది, పేరు మాత్రం దేశమంతా ఉంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో తన ఇంట్లో వీటికి మేత పెట్టిన ఫొటోలు ఊరూరా తిరిగాయి. ఎక్కడో విజయవాడలో ఒకాయనకు మనసైంది అనుకోండి. ఆయనకు కావలసినవి నాలుగు ముక్కలు: ధరెంత, పాలెన్ని, నిఖార్సైన జాతేనా, బండిలో ఎట్లా పంపుతారు. ఈ నాలుగూ ఎక్కడా దొరక్కుండా చూసుకోండి. పైన పెట్టే బొమ్మ ఇంటర్నెట్‌లో దొరికిన నలుపు తెలుపు హోల్‌స్టీన్ ఆవుదై ఉండాలి, అదీ మనిషంత ఎత్తుది. ఫొటో ఎంత బరువైతే అంత మంచిది. పేజీ తెరుచుకునేలోగా ఇక్కడ ఆవు ఈనినా ఈనుతుంది. ఇక ఈ జాతి మీద పని చేస్తున్న పశు పరిశోధన కేంద్రం పక్కనే పలమనేరులో ఉంది. జాతి గురించి కొనేవాడికి తెలియాలని వాళ్ళకో లింకు ఇద్దామనిపిస్తుంది. ఇవ్వకండి. మన ఓటు వాళ్ళకు పోతుంది, వాళ్ళ ఓటు మనకు రాదు.

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. మీ గిరాకీ అరవంలోనో కన్నడంలోనో ఫోన్‌లో అడుగుతాడు. మీరు ఇంగ్లీషులోనే జవాబివ్వండి. మ్యాప్‌లో దుకాణం గుర్తు సరిగ్గా పెట్టాలని ఎవరైనా అంటే నవ్వేయండి. దగ్గర్లో ఏముందని వెతికేవాళ్ళకు దూరం, వెతికినదానికి పొంతన, పేరుప్రఖ్యాతులు చూసి చూపిస్తామని గూగుల్ రాసిపెట్టింది. డొమైన్ అథారిటీ అని ఎక్కడా అనలేదు, మర్చిపోయి ఉంటారు. ఇదే కుప్పంలో 2002లో హెచ్‌పీ కంపెనీ ఐ-కమ్యూనిటీ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఊళ్ళలో కంప్యూటర్ కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు ఇచ్చారు. వాళ్ళు ఫొటో తీసి, అక్కడికక్కడే ప్రింటు చేతికిచ్చి, డబ్బులు తీసుకున్నారు. ఎంత వెనకబాటుతనం! స్కోరన్నది లేకుండానే సంపాదించేశారు.

నెలాఖరుకు మీ సైటు పని చూసే కుర్రాడు స్కోరు రిపోర్టు తెస్తాడు. అర్ధచంద్రాకారంలో ఒక మీటరు, ఎరుపు దాటి పసుపులోకి వచ్చిన ముల్లు, పైకి చూసే బాణం.

“పోయిన నెల పద్నాలుగునా, ఈ నెల పంతొమ్మిది.”

“ఫోన్లేం రాలేదే తమ్ముడూ?”

“ఫోన్లు వేరేనా, స్కోరు వేరే.”

ఈ మాటకు ఎదురు చెప్పకండి. ఇంతకన్నా నిజం ఆ రిపోర్టులో ఇంకోటి లేదు. కాంటాక్ట్ పేజీ తెరిచి మీ నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయని లెక్కపెట్టే పని అసలే పెట్టుకోకండి. ఎవరు ఏ మాట కొడితే మీ సైటు కనబడిందో, ఎందరు నొక్కారో సెర్చ్ కన్సోల్‌లో గూగులే చూపిస్తుంది. అది ఉచితం, కాబట్టి దాని మీద ఎవరికీ గౌరవం లేదు. న్యాయంగా ఒప్పుకోవాల్సిన సంగతి కూడా ఒకటుంది. పక్క మండీవాడికి ఎంత, నాకెంత అని పోల్చుకోవడానికి ఈ స్కోరు కొంత పనికొస్తుంది. అయితే ఆ పోలిక చూసి కొనేవాడు ఎవడూ యార్డుకు రాడు. స్కోరు మరీ బాగా పెరిగితే రిపోర్టును లామినేషన్ చేయించి కాటా పక్కన తగిలించండి, హమాలీలు చదువుకుంటారు.

ఇక డొమైన్ రెన్యువల్. ఆ తేదీని గుర్తుపెట్టుకోకండి. గుర్తుచేసే మెయిళ్ళు వస్తాయి, చూడకండి. గడువు దాటిన పేర్లను, వాటికి పాత లింకులు, మంచి స్కోరు ఉన్నాయో లేదో చూసి మరీ కొనేవాళ్ళు ఉన్నారు. ఏళ్ళ తరబడి మీరు డబ్బు పోసి పెంచిన స్కోరును వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. వారం తిరిగేసరికి మీ మండీ పేరు మీద ఆన్‌లైన్ రమ్మీ నడుస్తుంటుంది, అందులో ఫోన్ నంబరుకు పది అంకెలూ ఉంటాయి.