తుప్పు కూడా ఒరిజినలే!

మా బావ అంబాసిడర్ కొన్నాడు. 1972 మోడలు, మార్క్ టూ, ముందు గళ్ల గ్రిల్లు. చూద్దామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశాడు. "బోనెట్ మీద చెయ్యి వెయ్యకురోయ్, ఒరిజినల్ పెయింటు!" చూడబోతే పెయింటు ఉన్న చోటు కంటే ఊడిన చోటే ఎక్కువ. వెనక డోరు అడుగున అరచెయ్యంత తుప్పు. వేలితో గీకబోయాను. బావ నా మణికట్టు పట్టేసుకున్నాడు. "అదీ ఒరిజినలే."

ఇంట్లో గోడకి చెమ్మ కనబడితే మేస్త్రీ ఏడుతరాలనూ తిట్టే మనిషీ ఈయనే.

ఈ ఒరిజినల్ పిచ్చికి ఇప్పుడు మడీ ఆచారం తోడయ్యాయి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో జాతకాల్లా కలవాలి. లేదంటే సంబంధం తప్పిపోయినట్టే. ఎప్పుడో ఎవరో హారన్ మార్చారని తెలిసినా బండి మైలపడిపోతుంది.

సరే, ఇంతకీ దేనికి ఒరిజినల్? అంబాసిడరంటేనే ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మనం పెట్టుకున్న పేరు. అందులోని 1489 సీసీ ఇంజనూ అక్కడి బీఎంసీ కంపెనీ వాళ్లదే. బెంగాల్లో, ఉత్తర్‌పారాలో, 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా ఆ ఆకారాన్నే పోతపోస్తూ కూర్చున్నాం. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాడికి కనీసం తాత సొంతవాడు. ఇక్కడ నెయ్యీ పరాయిదే, తాతా పరాయివాడే.

ఈ బళ్లతో నిజంగా కాపరం చేసినవాళ్లు ట్యాక్సీ స్టాండు డ్రైవర్లు. డైనమో బండి రాత్రిపూట గేటు పడి ఆగిందంటే హెడ్‌లైట్లు కునికిపాట్లు పడేవి. వాళ్లు డైనమో పీకేసి ఆల్టర్నేటర్ బిగించుకున్నారు. పెట్రోలు భారమైతే ఏకంగా ఇంజనే దించి డీజిలింజను ఎక్కించారు. విజయవాడ ఆటోనగర్‌లో అలా పునర్జన్మ ఎత్తి లక్షల కిలోమీటర్లు తిరిగిన బళ్లను బావ 'చెడిపోయినవి' అంటాడు. ఏ చెయ్యీ పడకుండా మిగిలిన బండంటే ఏమిటి మరి? ఎవరికీ అక్కర్లేక గొడ్లపాకలో పడున్నది. చౌమహల్లాలో నిజాంగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను భద్రంగా దాచారంటే అర్థముంది, అది ఊరేగడానికే పుట్టింది. అంబాసిడర్ పుట్టింది ఎనిమిదిమందినీ, రెండు బియ్యం బస్తాలనూ మోయడానికి.

స్పేర్ పార్టుల భాగోతం వేరే. బావ చెన్నై పుదుప్పేట దాకా వెళ్లి, పాత డబ్బాలో సీలు విప్పని పెట్రోలు గొట్టం ఒకటి తెచ్చాడు. కొత్తదాని ధరకి పదిరెట్లు పెట్టాడు. నన్ను చేత్తో ముట్టుకోనివ్వకుండా పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు. అర్ధ శతాబ్దం డబ్బాలో ఎండిన రబ్బరు. దాంట్లోంచి నేటి పెట్రోలు పారాలి. అందులో 20 శాతం ఇథనాల్, అదేమో పాత రబ్బరును నంజుకు తింటుంది. మూడోవారానికల్లా గొట్టం చెమర్చింది. బావ దానికింద స్టీలు గిన్నె పెట్టాడు. ఆ గిన్నె కోసం అక్క ఇప్పటికీ వెతుకుతోంది.

మే నెలలో ఒకసారి గుంటూరు వెళ్దామన్నాడు. మంగళగిరి దాటకముందే ఇంజను వేడెక్కి, పంపులో పెట్రోలు ఆవిరైపోయి, బండి నిలబడిపోయింది. బావ మెళ్లో తువ్వాలు తీసి, మంచినీళ్ల సీసా దాని మీద వంపి, పంపు చుట్టూ చుట్టాడు.

"ఈ తువ్వాలు ఒరిజినలేనా బావా?"

పలకలేదు. గుంటూరు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు వీఏ నంబరు కావాలట. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బళ్లకి కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్. ఫీజు 20 వేలు. అది వచ్చాక ప్రదర్శనకి వెళ్లొచ్చు, ర్యాలీకి వెళ్లొచ్చు, రిపేరుకి వెళ్లొచ్చు, పెట్రోలు కొట్టించుకోవడానికీ వెళ్లొచ్చు. ఆ పెట్రోలుతో కూరగాయలకి మాత్రం వెళ్లకూడదు. రోజువారీ వాడకం నిషిద్ధం. అక్క ఆ మాట విని, "ఇన్నాళ్లూ వాడినట్టు!" అని స్కూటీ తాళాలు తీసుకుని రైతుబజారుకి వెళ్లిపోయింది.

దరఖాస్తుకి ముందు ఒకసారి చూపిద్దామని ఆటోనగర్ నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. బోనెట్‌కి పెడితే టక్కున అతుక్కుంది. ముందు డోరుకీ అతుక్కుంది. వెనక డోరు మీద, ఆ తుప్పుకి బెత్తెడు పైన పెట్టాడు. జర్రున జారి కిందపడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది.

"లోపలంతా పుట్టీ అండి," అన్నాడు మేస్త్రీ. "ఎప్పుడో గట్టిగా గుద్దిచ్చారు. కింద తుప్పున్నది కూడా అతుకేసిన రేకే."

బావ వంగి అయస్కాంతం తీసి, లుంగీకి తుడిచి, ఎండకి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది డూప్లికేటనుకుంటారా," అన్నాడు నాతో.