జీతం అడిగితే వజ్రం

చిత్తూరు జిల్లా వెంకటగిరికోటలో మనిషిని పనిలో నిలుపుకోవడం తేలిక కాదు. ఊరున్న చోటే అలాంటిది. ఇటు కదిలితే కర్ణాటక, అటు కదిలితే తమిళనాడు. కేజీఎఫ్ దాటితే బెంగళూరు ఎంతో దూరం కాదు. డిగ్రీ చదివిన కుర్రాడు వి.కోటలోనే ఉండిపోవాలంటే గట్టి కారణం కావాలి.

2019 ఆగస్టు 15న ప్రభుత్వం ఆ కారణం చూపించింది: గ్రామ వాలంటీరు. ఒక్కొక్కరికి యాభై ఇళ్లు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఒకటో తారీకు తెల్లారేసరికి అవ్వాతాతల తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టాలి. మిగతా రోజుల్లో సర్వేలు, దరఖాస్తులు, వేలిముద్రలు.

ఏడాదిన్నర తిరిగేసరికి, 2021 ఫిబ్రవరిలో, కొన్నిచోట్ల వాలంటీర్లు జీతం పెంచమని రోడ్డెక్కారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి వాళ్లకు లేఖ రాశారు. మీది ఉద్యోగం కాదు, సేవ అన్నది దాని సారం. సేవకు జీతం పెంచరు, సన్మానం చేస్తారు. ఏప్రిల్‌లో ఉగాదికి ఆ సన్మానం రానే వచ్చింది. సేవామిత్రకు 10,000, సేవారత్నకు 20,000, సేవావజ్రకు 30,000 రూపాయలు. దాంతోపాటు శాలువా, బ్యాడ్జి, ప్రశంసాపత్రం. వజ్రాలు నియోజకవర్గానికి అయిదు. వి.కోట మండలం పలమనేరు నియోజకవర్గంలోది కాబట్టి, ఆ అయిదింటిలోనే చుట్టుపక్కల మండలాలతో కలిసి పంచుకోవాలి.

ఫిర్యాదు లేకుండా ఏడాది పనిచేసినవాళ్లంతా మిత్రలే. అలా రాష్ట్రమంతటా రెండు లక్షల పైచిలుకు మంది ‘విశిష్ట’ సేవకులు తేలారు. మిత్రకు ఇచ్చిన పదివేలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 833 రూపాయలు. అదే 833ను జీతంలో కలిపి ఉంటే అడిగినవాళ్లకు పెంపు దక్కేది. కాకపోతే దానికి వేదిక ఉండదు, ఫొటో ఉండదు, ఏటా ఉగాదికి ఇచ్చినవారి పేరు తలచుకునే అవకాశం ఉండదు. పైగా ఒకసారి పెంచిన జీతాన్ని వెనక్కి తీసుకుంటే గొడవ. శాలువాకు ఆ బెడద లేదు, వచ్చే ఏడు కప్పకపోతే సరి.

అసలు వజ్రాల సంగతికొస్తే, సూరత్‌లో హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల కంపెనీ 2016 దీపావళికి ఉద్యోగులకు 400 ఫ్లాట్లు, 1,260 కార్లు ప్రకటించింది. అక్కడ వజ్రాలు సానబట్టినవాడికి కారు. ఇక్కడ కాళ్లరిగేలా తిరిగినవాడికి వజ్రం, అదీ పేరుకే.

అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే ఒక పుస్తకంలో చెప్పాడు, మనిషికి ఉత్సాహం ఇచ్చేది గుర్తింపు అని. జీతం చాలకపోతే అసంతృప్తి తప్పదనీ అదే పుస్తకంలో చెప్పాడు. మన పాలకులు మొదటి మాట దగ్గరే పుస్తకం మూసేసినట్టున్నారు.

సన్మానంతో పని జరగని చోట వేరే కానుక ఉంది. 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. వాళ్లదీ గౌరవ వేతనమే, నెలకు 11,500. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం, ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు గౌరవ సేవ, మానేస్తామన్నప్పుడు అత్యవసర సేవ! మనుషుల్ని పనిలో నిలుపుకోవడానికి ఇంతకంటే చవకైన పథకం ఏ కార్పొరేట్ కంపెనీకీ తట్టలేదు.

ఆశా కార్యకర్తలకైతే 2022లో ఏకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డే వచ్చింది. అది చూపిస్తే కిరాణా కొట్లో అరువు పుడుతుందా అని అడగకండి, అవార్డుకు అవమానం.

వాలంటీర్ల కథకు వద్దాం. 2024 ఫిబ్రవరిలో ఫిరంగిపురం సభలో వజ్రం విలువ 45,000కు పెరిగింది. ఏప్రిల్‌లో, మళ్లీ ఉగాదికే, చంద్రబాబు నాయుడు తాము అధికారంలోకి వస్తే గౌరవ వేతనం పదివేలు చేస్తామన్నారు. వచ్చారు. వచ్చాక కొత్త ప్రభుత్వం ఫైళ్లు తిరగేసి చెప్పిన మాట ఏమిటంటే, 2023 ఆగస్టు తర్వాత వాలంటీర్లను కొనసాగిస్తూ ఉత్తర్వే లేదు, లేనివాళ్లకు పెంచేదేముంది? అంటే ఫిరంగిపురంలో సన్మానం అందుకున్నవాళ్లు కాగితం మీద అప్పటికే లేరన్నమాట. లేనివాళ్లకు వజ్రాలు ఇచ్చింది ఒకరు, పదివేల ఆశ పెట్టింది ఇంకొకరు.

2025 మార్చిలో ఇదే ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వరకు పని ప్రకటించింది. వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నవి ఇలాంటివే. ఈసారి మీ ఊళ్లో ఎవరికైనా శాలువా కప్పే సభ జరిగితే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక మాత్రం, శాలువా కప్పించుకున్న మనిషికి ఈ నెల డబ్బులు అందాయా అని వేదిక మీదివాళ్లను ఒక్క మాట అడగండి.