రబ్బరు మడి

తెలుగువాడు నీటిలో దిగదలచినపుడు మొట్టమొదట చేయు పని బట్టలు విప్పుట. ఈ విషయమున పండితునకును పామరునకును, జమీందారునకును జీతగానికిని భేదము లేదు. రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవు మెట్లమీద చొక్కాయు పంచెయు మడిచిపెట్టి, గాలికెగిరిపోకుండ వానిపై ఒక రాయి నుంచి, మొలకు గావంచా బిగించి, ముక్కు మూసికొని మూడు మునుగులు మునుగువాడు, తన హోదాను కూడ ఆ రాతిక్రిందనే పెట్టి వచ్చినవాడు. నేనును ఆ రేవులోనే ఈత నేర్చి, అరువది నాలుగేండ్లు ఆ సంప్రదాయమునే పాటించినవాడను. అట్టి నేను, పోయిన రోహిణీ కార్తెలో, పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున, నీటిలో దిగుటకై ఇరువది నిమిషములు శ్రమపడి, ఇద్దరు మనుష్యుల సాయముతో, మెడ మొదలు కాలివ్రేళ్ళ కొనవరకు నల్లని రబ్బరు తొడిగికొంటినని చెప్పిన మా రేవులోని వారెవరును నమ్మరు. నమ్మకున్న మానిరి, జరిగినది జరిగినట్లు వ్రాసెదను.

దీనికంతకును మూలము నా నోరు. మా అమ్మాయి కాలిఫోర్నియాలో సన్నీవేల్ అను ఊర కాపురముండును. అల్లుడు వారమున ఐదు దినములు కంప్యూటరు నెదుట కూర్చుండి, శనివారము తెల్లవారకముందే కారు నెత్తిన ఒక పొడుగాటి పలకను కట్టికొని, కొండలు దాటి, సాంటా క్రూజ్ తీరమునకు సర్ఫింగు చేయబోవును. ఒకనాటి రాత్రి భోజనముల వేళ అతడు ఆ సముద్రపు చలిని వర్ణించుచుండగా, నేను గోంగూర పచ్చడి కలిపికొనుచు, కార్తీకమాసమున నాలుగు గంటల చీకటిలో గోదావరి మునిగిన నావంటివానికి చలి యన్నది మనస్సున నుండునే గాని నీటిలో నుండదని, ముప్పదేండ్లు కళాశాలలో తెలుగు పాఠము చెప్పిన గొంతుతో సిద్ధాంతము చేసితిని.

అల్లుడు ముద్ద చేతిలోనే నిలిపి నావైపు చూచెను. "అయితే ఈ శనివారం మీరూ రండి మామయ్యగారూ!"

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, "ఏమండీ, ఇప్పుడైనా కాస్త ఆగండి" అన్నది. కాని అల్లుడడిగినది కాదనుట పెండ్లినాటినుండియు నాకలవాటు లేదు.

సాంటా క్రూజ్‌లో కొవెల్ బీచి యను చోట అలలు సాధువులై, నేర్చుకొనువారిని మెల్లగా మోసికొనివచ్చి ఒడ్డున దింపునని ప్రతీతి. చూచుటకు అది మన భీమునిపట్నపు సముద్రమువలెనే యుండెను; అదే నురుగు, అదే హోరు. నేను ప్యాంటు మోకాళ్ళవరకు మడిచి, లోకమంతయు చూచుచున్నదను ధీమాతో నీటిలో అడుగిడితిని. మొదటి నిమిషమున పాదములు నొప్పిపుట్టెను. రెండవ నిమిషమున నొప్పి పోయెను. మూడవ నిమిషమున పాదములే పోయెను. గోదావరి చలి చుట్టపు చలి, గుమ్మములో నిలిచి పలుకరించి పోవును. ఇది అప్పులవాని చలి, లోపలికి వచ్చి కూర్చుండును.

మా యూర రోహిణి యెండలకు రోళ్ళు పగులునట్టి వేళ ఇచ్చటి సముద్రము ఏడాదిలోకెల్ల చల్లనై యుండుటయేమని అడుగగా అల్లుడు చెప్పిన కారణము వినదగినది. వసంతకాలమున వాయవ్యపు గాలి తీరము వెంబడి వీచును. ఆ గాలియు భూభ్రమణమును కలిసి పైనీటిని ఒడ్డునుండి సముద్రములోనికి నెట్టివేయ, ఖాళీయైన ఆ చోటికి ఎండ మొగమెరుగని అడుగునీరు ఉబికి వచ్చును. ఉత్తరమునుండి దిగివచ్చు కాలిఫోర్నియా ప్రవాహము చల్లదనము సరేసరి. కావున మే మాసమున ఆ నీరు 12 డిగ్రీల చుట్టుప్రక్కల నుండును. అదే చలిగాలియైనచో శాలువ కప్పుకొని కాఫీ త్రాగవచ్చును. కాని నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు వేగముగా ఒంటి వేడిని లాగికొనును. చలి మనస్సున నుండునను నా సిద్ధాంతమును నేనచ్చటనే, మోకాలిలోతు నీటిలో, ఉపసంహరించుకొంటిని.

పాదములకు తిరిగి ప్రాణము వచ్చువరకు కాలక్షేపమునకై దీపస్తంభములో నున్న సర్ఫింగు మ్యూజియమునకు పోతిమి. 1885లో హవాయి రాజకుమారులు ముగ్గురు, ఈ ప్రాంతమునకు చదువులకై వచ్చినవారు, సాన్ లొరెంజో నది సముద్రమున కలియుచోట రెడ్‌వుడ్ మ్రాను పలకలపై నిలిచి అలలపై స్వారి చేసిరట. రబ్బరు తొడుగు లేదు, పాదరక్ష లేదు. వారు రాజులు, వారికి చలి వేసినను వేసినదని చెప్పరు. తరువాతి సామాన్యులు ఉన్ని స్వెట్టర్లు తొడిగికొని మునిగి, ఒడ్డున మంట వేసికొని వణకుచుండెడివారట.

వీరి కష్టము తీర్చినది భౌతికశాస్త్రము. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో నియోప్రీన్ అను కృత్రిమపు రబ్బరు పుట్టెను. అణుబాంబు నిర్మాణమున పాల్గొని, పిమ్మట బర్కిలీ విశ్వవిద్యాలయమున నున్న హ్యూ బ్రాడ్నర్ అను శాస్త్రజ్ఞుడు, 1950ల ప్రారంభమున, నౌకాదళపు గజ ఈతగాండ్ర చలి నాలోచించుచు ఒక గొప్ప సంగతి కనిపెట్టెను: నీటిలో మనిషి వెచ్చగా నుండుటకు పొడిగా నుండనక్కరలేదు. ఒంటికంటుకొనిన మందపాటి రబ్బరునందు గాలిబుడగలు నిండియున్నచో ఆ బుడగలే చలి నాపును; లోపలికి కాసింత నీరు వచ్చినను అది ఒంటివేడికే వెచ్చనై ఊరకుండును. జాక్ ఒనీల్ అను సర్ఫరు 1952లో సాన్ ఫ్రాన్సిస్కోలో అంగడి తెరచి అట్టి తొడుగులు కుట్టి అమ్మసాగి, 1959లో ఈ సాంటా క్రూజ్‌కే తరలివచ్చెను. ఇంత చదివిన పిదప నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చెను. తడిచీర కట్టుకొని, ఆ తడి ఒంటిమీదనే వెచ్చబడుచుండగా, మాఘమాసపు ఉదయమున పొయ్యి రాజేసి మడివంట చేసిన ఆమెకు బ్రాడ్నరుగారి సూత్రములో సగము తెలియును. బుడగల సంగతి యొక్కటే ఆమెకు స్ఫురింపలేదు.

ఇట్టి తొడుగులు అద్దెకును దొరకును. ఒక్క మునుగునకు కొనుటెందులకని ఉదయమునుండి మా ఆవిడ వాదము, న్యాయమైన వాదమే. కాని అంగడి వాకిట అల్లుడు నన్ను ప్రక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "చలేసినప్పుడు కాస్త వెచ్చదనం కోసం, సూట్లోనే... అందరూ చేసే పనే మామయ్యగారూ, ఎవరూ ఒప్పుకోరంతే" అని ఒక రహస్యము చెప్పెను. ఎందరి అభిషేకము లందుకొనెనో తెలియని వస్త్రమును తాకుటకు నా వంశము అంగీకరింపలేదు. ఈ రహస్యమునే మా ఆవిడ చెవిని వేయగా ఆమె ముఖము ముడుచుకొని, "ఛీ, కొత్తదే కొనుక్కోండి" అని సెలవిచ్చెను. ధర మూడువందల డాలర్లకు పైచిలుకు. అలవాటు చొప్పున ఎనభైయైదుతో హెచ్చవేయ మొదలిడి, గుండె సహింపక నడుమ విడిచితిని.

అంగడిలో ప్రతి తొడుగునకును డోరు నంబరువలె ఒక అంకె యుండెను: 3/2, 4/3, 5/4. మొదటి అంకె రొమ్మునకును వీపునకును పట్టు మందము, రెండవది కాలుసేతుల మందము, మిల్లీమీటర్లలో. ప్రాణము నడుమ నుండును గనుక అచ్చట దట్టము. చేతులు తెడ్లవలె ఆడవలెను గనుక అచ్చట పలుచన. ఈ తీరమునకు 4/3 చాలునని అల్లుడనెను. 5/4 కావలెనని నా పాదములు సాక్ష్యము చెప్పెను. అల్లుని మాటయే నెగ్గెను. కుట్టులోను జాతిభేదము లున్నవి. సూది ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దూరిన కుట్టు వెచ్చని నీళ్ళకే పనికివచ్చును, ఆ రంధ్రములన్నియు చలికి ద్వారములు; అంచులు జిగురుతో నతికి, సూది సగము మందముననే తిరిగివచ్చునట్లు కుట్టినదే చలినీళ్ళ కుట్టు. ఇక రొమ్మున జిప్పున్నది చొరుటకు కష్టము, చొచ్చిన పిమ్మట సుఖము. వీపున జిప్పున్నది చొరుటకు సుఖము, వెన్నున చలినీరు కారుట కష్టము. ఈ వయస్సున ప్రవేశమే ప్రధానమని వీపు జిప్పునే కోరితిని.

కొలతవద్ద చిక్కు వచ్చెను. అమెరికా దర్జీలు మనిషిని నిలువునే ఊహించిరి గాని అడ్డముగా ఊహింపలేదు. నా యెత్తునకు సరిపోయినది నా పొట్టకు చాలదు. పొట్టకు చాలినది తొడిగిన, మోకాళ్ళయొద్ద మరియొకడు నివసింపవచ్చును. వదులైనది కొనుమని నా ప్రార్థన. వదులున్నచో ప్రతి అలకును పాతనీరు పోయి కొత్తచలి వచ్చునని, నడుము వంపునను చంకలలోను సందుండరాదని అంగడి కుర్రవాని శాసనము. తుదకు లోపలి గదినుండి పొట్టివారును పుష్టిమంతులును ధరింపదగినది ఒకటి వెదకి తెచ్చి నాచేత నుంచి తెర వేసెను.

ఆ తెర వెనుక జరిగినది యుద్ధము. గోళ్ళతో లాగిన రబ్బరు చినుగునట, వ్రేళ్ళ మెత్తనిచోటులతోనే లాగవలెనట. కాలికి ప్లాస్టిక్ సంచి తొడిగి దూర్చిన జారునట. ఈ ఉపదేశములన్నియు పాటించి, ఒంటికాలిపై కుంటి, గోడకు రెండుమారులు తల తాకించి, చొక్కాకు బొత్తాములు ముందుండును గదా యను న్యాయమున జిప్పును ముందునకు పెట్టుకొని బయటికి వచ్చితిని. పొట్టకై ఏర్పడిన భాగము వీపున సంచివలె వ్రేలాడుచుండ, వీపుకై ఏర్పడిన భాగము పొట్టపై డోలుచర్మమువలె మ్రోగుచుండెను. కుర్రవాడు నవ్వలేదు, నవ్వకుండుటకు వానికి జీతమిచ్చుచున్నారని వాని పెదవులే చెప్పెను. మరల విప్పి, మరల తొడిగి, అల్లుడు వెనుకనుండి జిప్పు లాగగా నేను నిలువునా ఒక అంగుళము పెరిగితిని.

"ఊపిరి ఆడుతోందా అని అడుగుతున్నాడు మామయ్యగారూ."

"ఆడటం లేదు నాయనా."

"అయితే సరిగ్గా సరిపోయిందిట."

పిదప బూటీలు. గుండెకు దూరపు చుట్టములగుటచే పాదములే మొదట చల్లబడును. పైగా అడుగున రాళ్ళు. అందుచే వానికిని 3, 5, 7 మిల్లీమీటర్ల రబ్బరు మేజోళ్ళు. ఇందును రెండు శాఖలు: వ్రేళ్ళన్నియు ఒకే గదిలో నుండు గుండ్రని మూతివి, బొటనవ్రేలు వేరుకాపురముండు చీలిక మూతివి. ఉమ్మడి కుటుంబమున వెచ్చదనమెక్కువ. వేరుకాపురమున పలకపై పట్టు ఎక్కువ. పాంకోళ్ళ గుబ్బ పట్టి బాల్యము గడపిన బొటనవ్రేలు గనుక నేను చీలికవానినే కోరి, వంగి తొడుగబోతిని. కాని ఆ తొడుగులో వంగుట శాస్త్రసమ్మతము గాదు. అపుడల్లుడు నేలపై మోకరిల్లి, నా పాదమును రెండుచేతులతో పట్టి, ఒక్కొక్క వ్రేలిని దాని స్థానమున కూర్చుండబెట్టసాగెను. పన్నెండేండ్ల క్రిందట పీటలమీద ఇతని పాదములను నేను పళ్ళెములో కడిగితిని. ఆ బాకీ ఈ దినమున సాంటా క్రూజ్ అంగడిలో చెల్లిపోయినది. మా ఆవిడ కండ్లొత్తుకొనుట చూచితిని. నవ్వు వలననో కాదో విచారింపలేదు.

సముద్రమున దిగుటకు ముందు నేను కొంచెము సొంతబుద్ధి నుపయోగించి, ప్యాంటు సాక్సులో దోపిన పద్ధతిని, తొడుగు కాలిని బూటీలోపలికి దోపుకొంటిని. మొదటి అల రాగానే రెండు బూటీలును చెంబులవలె నిండి, నేనొక్కొక్క అడుగును తోడి వేయవలసివచ్చెను. బూటీ మీదుగా తొడుగును దింపవలెనని అల్లుడు వచ్చి సవరించెను. రెండవ అల మెడనుండి చొచ్చి వెన్నుపూసలను ఒక్కటొక్కటిగా లెక్కించుచు దిగెను. నేను కులదైవమును పేరుపెట్టి పిలిచితిని. కాని ఆశ్చర్యము! అరనిమిషము గడచుసరికి ఆ నీరు నాదయ్యెను. వెలుపల మంచుపొగ, లోపల మా యూరి వేసవి. పలకపై బోర్ల పడుకొనియుండగా అల్లుడు వెనుకనుండి త్రోసెను; ఒక అల నన్నెత్తికొని, నా వయస్సు అడుగక, బిరబిర తీసికొనిపోయి ఇసుకపై నుంచెను. లేచి నిలువలేదు, నిలుచు ప్రయత్నమైనను చేయలేదు. ఐనను అట్టి ప్రయాణము నేను రైలులోగాని విమానములోగాని చేసి యెరుగను. అట్లు పదిమార్లు పోయి పదిమార్లు వచ్చితిని. ముప్పావుగంట గడచిన తరువాత, నడుములోతు నీటిలో నిలిచి, కొంచెము చలి తోచుచుండగా, దిగంతమును చూచుచు కొంతసేపు మౌనముగా నుంటిని. ఆ మౌనమును గూర్చి ఇంతకంటె వ్రాయను.

ఇల్లు చేరిన పిదప తొడుగును మంచినీళ్ళలో జాడించి, ఎండ తగిలిన రబ్బరు పెళుసెక్కును గనుక నీడపట్టున, నడుమున మడిచి వ్రేలాడదీయవలెనట. ఆ పని తరువాత చూచుకొందమని స్నానాల గదిలో పడవైచి నేను నిద్రపోతిని. సాయంకాలము లేచి చూతును గదా, మా ఆవిడ చీపురుకర్ర కొనను ఆ తొడుగు నెత్తి, చేయి బారచాచి, ఒంటికి తగులనీయక, వసారాలోని తీగపై వేయుచుండెను. మా నాయనమ్మ మడిచీరను కర్రతో దండెముమీద వేయు తీరు అచ్చముగా అదే. ఒక్కటే భేదము: నాయనమ్మ కర్ర మా మైల బట్టకు అంటకుండుటకు.

"ఏమండీ, ఇది కొత్తదేగా కొన్నారు?"

"కొత్తదే."

"అద్దెది కాదుగా?"

"కాదు."

అల్లుడు ల్యాప్‌టాపులో తల దూర్చి, శనివారమైనను ఆఫీసుపని చేయుచున్నట్లు నటించుచుండెను.

"మరి ఈ వాసనేమిటి?"

"సముద్రం వాసనే" అన్నాను.

మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకొని, కర్ర దించకుండ, నావైపు కొంచెముసేపు చూచి అన్నది: "గోదావరికి ఎప్పుడూ రాలేదే!"