చేతికి మట్టి అంటని కొలువు

వ్యాపార ప్రకటనల రంగంలో ముఖంతో నిమిత్తం లేకుండా చెయ్యి, పాదం, జుట్టు, పెదవి వంటి ఏదో ఒక భాగాన్ని మాత్రమే కెమెరాకు అప్పగించి ప్రతిఫలం పొందేవారిని అవయవ మోడళ్ళు అనవచ్చు. ప్రబంధ కవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించినప్పుడు ఆ అవయవాలన్నీ ఒకే మనిషివై ఉండేవి. ప్రకటనలోని నాయికకు మాత్రం ముఖం ఒకరిది, ఉంగరం తొడిగిన వేలు మరొకరిది, చెప్పు తొడిగిన పాదం ఇంకొకరిది కావచ్చు, ఆ ఉమ్మడి కుటుంబమంతా తెర మీద ఒకే మనిషిగా చలామణీ అవుతుంది.

ఈ కొలువుకు మచ్చలేని చర్మం, తీరైన గోళ్ళు ఉంటే చాలదు. వస్తువును గంటల తరబడి వణకకుండా పట్టుకోగల ఓర్పు కూడా కావాలి. చేతి మీది నరాలు ఉబ్బి కనిపించకుండా, రక్తం కిందికి దిగేందుకు, చిత్రీకరణకు ముందు చేతులను కాసేపు తలకంటే ఎత్తులో ఉంచుతారు. చూసేవారికి పోలీసులకు లొంగిపోతున్నట్టు తోచే ఈ భంగిమ వృత్తిరీత్యా గౌరవప్రదమైన సాంకేతిక ప్రక్రియ. శీతల పానీయం సీసా మీది చెమట బిందువులు తరచు గ్లిజరిన్‌వి, అటుకుల గిన్నెలోని పాలు ఒక్కోసారి తెల్లని జిగురు అయినప్పుడు, ఆ దృశ్యంలో నిజమైనది చెయ్యి ఒక్కటే. అదైనా పక్కనున్న ముఖానిది కాదు.

అసలు శ్రమ ఇంట్లో మొదలవుతుంది, అది ఏ శ్రమా చేయకపోవడంలో ఉంటుంది. అమెరికాలో పేరుపొందిన హ్యాండ్ మోడల్ ఎలెన్ సిరాట్ టెలివిజన్ ఇంటర్వ్యూలకు సైతం చేతితొడుగులతోనే హాజరై, ఇంటిపనికి దూరంగా ఉంటానని చెప్పింది. తమ సబ్బుతో అంట్లు తోమితే చెయ్యి మెత్తగా ఉంటుందని ప్రకటన చెబుతుంది. అంట్లు తోమకపోతే చెయ్యి మెత్తగా ఉంటుందని ఆ ప్రకటనలోని చెయ్యి నిరూపిస్తుంది.

1993లో ప్రసారమైన అమెరికన్ హాస్య ధారావాహిక ‘సైన్‌ఫెల్డ్’ భాగమొకదానిలో జార్జ్ అనే నిరుద్యోగికి ఈ కొలువు అనుకోకుండా దొరికి, వేడి ఇస్త్రీపెట్టె మీద చేతులు పడటంతో అంతే అనుకోకుండా పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇతరులకు ఆలస్యంగా అందిన వైద్యమే కాని, ఈ వృత్తిలో అది పదవీ విరమణ.

కీర్తి సంగతికి వస్తే, 2005లో వెలువడిన ‘ట్వైలైట్’ నవల అట్ట మీద ఎర్రని ఆపిల్‌ను పట్టుకున్న చేతులు కింబ్రా హికీ అనే మోడల్‌వి. లక్షలాది ఇళ్ళలో ఆ చేతులు కొలువుదీరి ఉన్నా, వీధిలో ఆమె ఎదురైతే గుర్తుపట్టడానికి పాఠకులు ముందుగా ఆమె చేతికి ఒక ఆపిల్ అందించవలసి ఉంటుంది.

ఇన్ని వస్తువులకు చేయూతనిచ్చే హ్యాండ్ మోడళ్ళు రోజూ స్వయంగా వాడి, మనస్ఫూర్తిగా సిఫారసు చేయగల వస్తువు చేతితొడుగు. దాని ప్రకటనలో చెయ్యి కనిపించదు గనుక, ఆ ఒక్క చోట వారి అందంతో ఎవరికీ పని ఉండదు.