నవలా రచయిత్రి స్వెటర్ అల్లే విధానం

ఇంట్లో ఒకరు నవల రాస్తే ఆ ఇల్లు తట్టుకుంటుంది. ఒకరు ఊలు అల్లినా తట్టుకుంటుంది. రెండు పనులూ ఒక్కరే పెట్టుకుంటే ఎలా బతకాలో చెప్పే పుస్తకం మాత్రం మన బజార్లో దొరకదు. వంటల పుస్తకాలున్నాయి, వాస్తు పుస్తకాలున్నాయి, ముప్పై రోజుల్లో ఏ భాషనైనా నేర్పేసే పుస్తకాలున్నాయి. ఆ ఒక్క లోటూ తీర్చడానికే ఈ ప్రయత్నం. కింది సూచనలను తు.చ. తప్పకుండా పాటించండి. నవల పూర్తవుతుందని గానీ, స్వెటర్ ఎవరికైనా సరిపోతుందని గానీ హామీ లేదు.

కావలసినవి

ఎనిమిది నంబరు సూదులు ఒక జత, పది నంబరువి ఒక జత. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: ఎనిమిదంటే 4 మిల్లీమీటర్లు, పదంటే 3.25. అంచు పట్టీకి సన్నవి, ఒంటికి లావువి. అర కిలో ఊలు, అంతా ఒకే లాట్ నంబరుది. రూళ్ల నోటుబుక్కు ఒకటి. గడువు దాటిపోయిన సీరియల్ ఒకటి. ఓపిక, తగినంత. ఖాళీ సమయం అక్కర్లేదు. అది మీ దగ్గర బోలెడంత ఉందని చుట్టుపక్కలవాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

1. సరైన ఊరు ఎంచుకోండి

హైదరాబాదు పరవాలేదు, విజయవాడ మంచిది, రాజమండ్రి మరీ శ్రేష్ఠం. చలి ఉన్న ఊరికి మాత్రం పోకండి. చలి ఉంటే స్వెటర్‌తో పని పడుతుంది, పని పడితే దాన్ని పూర్తి చేయాల్సి వస్తుంది. మన దగ్గర ఆ బెడద లేదు. దసరాకు సూది మీద కుట్లు ఎక్కిస్తే శివరాత్రికి రెండో చెయ్యి పూర్తవుతుంది. ఆ పూటకి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని సామెత ఉండనే ఉంది. స్వెటర్‌ని కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో దాచండి. వచ్చే ధనుర్మాసంలో తీసి చూస్తే పిల్లవాడు ఎదిగి ఉంటాడు. విప్పండి, మళ్లీ మొదలుపెట్టండి. ఈ లెక్కన అర కిలో ఊలుతో ఒక తరం గడిచిపోతుంది.

కొలత కుదరలేదని బాధపడకండి. 1927లో అచ్చయిన వర్జీనియా వుల్ఫ్ నవల ‘టు ది లైట్‌హౌస్’లో రామ్సే గారి భార్య, లైట్‌హౌస్ కాపలాదారు కొడుకు కోసం మేజోడు అల్లుతూ తన కొడుకు కాలికి ఆనించి చూసుకుంటుంది. అది బాగా పొట్టిగా తేలుతుంది. వుల్ఫ్‌కి అల్లిక కొత్తేమీ కాదు. 1912లో ఆమె అక్క వనెస్సా బెల్ వేసిన చిత్రంలో ఆమె వాలుకుర్చీలో కూర్చుని అల్లుతూనే కనిపిస్తుంది. చలిదేశంలో, అల్లిక తెలిసిన రచయిత్రి చేతిలోనే కొలత కుదరకపోతే ఉక్కపోతలో అల్లే మనకెందుకు సిగ్గు?

2. నమూనా ముక్క జోలికి పోకండి

అల్లిక పుస్తకాలన్నీ మొదట పది సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, అందులో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టుకోమంటాయి. నవల రాసేముందు పాత్రల వయసులు ఒక కాగితం మీద రాసుకోమనే పెద్దమనుషుల్లాంటివి ఆ పుస్తకాలు. పట్టించుకోకండి. నమూనా ప్రకారం పది సెంటీమీటర్లకు 22 కుట్లు పడాలి. మీ చెయ్యి కాస్త వదులు, 18 పడుతున్నాయనుకోండి. 110 కుట్లతో 50 సెంటీమీటర్లు రావలసిన వీపు 61 వస్తుంది. ముందు భాగమూ అంతే. తమ్ముడి కోసం మొదలుపెట్టిన స్వెటర్‌లో తమ్ముడూ మరదలూ కలిసి దూరవచ్చు. కాపురం చల్లగా, కాదు కాదు, వెచ్చగా ఉంటుంది. ఆ ముక్క అల్లే అరగంట మిగుల్చుకుని మూడు నెలలు పోగొట్టుకోవడంలోనే కళాకారుల దర్జా అంతా ఉంది.

3. దినచర్య

పొద్దున్నే ఐదింటికి లేవండి. ఇంటర్వ్యూల్లో రచయితలందరూ ఐదింటికే లేస్తారు. నోటుబుక్కు తీసి ‘పన్నెండో అధ్యాయం’ అని రాసి కింద గీత గీయండి. గీత వంకరపోతే కొట్టేసి మళ్లీ గీయండి. కథానాయిక నిన్న రాత్రి నుంచి గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రావాలా, వచ్చిన దారినే పోవాలా? తేలదు. ఇలాంటప్పుడు సూదులు తీసి నాలుగు వరసలు అల్లితే దారి దొరుకుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. అల్లండి. నలభై వరసలయ్యాక చూసుకుంటే కథానాయిక గుమ్మంలోనే ఉంటుంది గానీ స్వెటర్ చంక దాకా వచ్చేస్తుంది. ఆ రోజుకు సాహిత్యసేవ ముగిసినట్టే.

ఇక్కడో కిటుకుంది, మిగతా వ్యాసం మరిచిపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి. మీరు రాసుకుంటుంటే ఇంట్లో ఎవరూ ఆగరు. గ్యాస్ బండ వచ్చిందంటారు, చాకలి పద్దు ఎక్కడుందంటారు, మామయ్యగారు కళ్లజోడు కనపడ్డంలేదంటారు. వాక్యం మధ్యలో ఉన్నానన్నా వినరు. అదే మీరు కుట్లు లెక్కపెడుతూ ఎడమచెయ్యి ఎత్తారనుకోండి, ఇల్లంతా గప్‌చుప్. “ష్! అమ్మ లెక్కపెడుతోంది.” ఎనభై ఏడు దగ్గర ఆపితే ఒకటి నుంచి మళ్లీ మొదలెట్టాలన్న జ్ఞానం చిన్నపిల్లలకు కూడా ఉంటుంది. వాక్యం తెగిపోతే ఏమవుతుందో ఇంటి యజమానికి కూడా తెలియదు. కాబట్టి రాసేటప్పుడు ఒళ్లో ఊలు పెట్టుకోండి, పెదాలు కదుపుతూ ఉండండి, మధ్యమధ్య “నూట నాలుగు” అనండి. తెలుగు నవల బాగుపడటానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

4. పెళ్లిళ్లకు సూదులు వెంట తీసుకెళ్లండి

అగాథా క్రిస్టీ 1930లో ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’తో నవలల్లోకి తెచ్చిన డిటెక్టివ్ మిస్ మార్పుల్ బలమంతా ఒకటే: ఒళ్లో ఊలు పెట్టుకున్న పెద్దావిడను ఎవరూ అనుమానించరు. వైశాఖమాసం, కల్యాణమండపం, తిరగని ఫ్యాను, ఒళ్లో ఊలు ఉండ. మొదటి పది నిమిషాలూ మీకు మతి పోయిందని చెప్పుకుంటారు. ఆ తర్వాత మీరక్కడ ఉన్న సంగతే మరిచిపోతారు. “దొడ్డమ్మ ఏం వినదులే, లెక్కపెట్టుకుంటోంది” అని ఒకరంటే చాలు, కట్నం కింద ఏ పొలం రాశారో, అది ఎన్నిసార్లు తాకట్టు పడిందో, వియ్యపురాలు వడ్డాణం ఎవరి దగ్గర ఎరువు తెచ్చుకుందో వరసగా బయటికొస్తాయి. అప్పగింతలయ్యేసరికి మీ దగ్గర మూడు నవలలకు సరిపడా సరుకుంటుంది. అచ్చయ్యాక “ఇందులో వియ్యపురాలు మా వదినలాగే ఉందేమిటి?” అని అడుగుతారు. పాత్రలన్నీ కల్పితాలని చెప్పి, చెయ్యెత్తి లెక్కపెట్టుకోండి.

కోపం తీర్చుకోవడానికి కూడా అల్లిక పనికొస్తుంది. డికెన్స్ 1859 నాటి ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’లో మదాం డిఫార్జ్, చావవలసినవాళ్ల పేర్లన్నీ తన అల్లికలో గుర్తులుగా నమోదు చేస్తుంది. మనకంత పగ వద్దు. మీ నవలను చదవకుండానే తిప్పి పంపిన సంపాదకుడి పేరు పర్ల్ కుట్లతో ఒక మఫ్లర్‌లో అల్లి, సన్మానసభలో ఆయన మెడలోనే వేయండి. దగ్గరగా చూస్తే గానీ కనపడదు, ఆయన ఏదీ దగ్గరగా చూసే రకం కాదు.

5. తప్పు దొరికినప్పుడు

అల్లికలో కుట్టు జారితే కిందికి నిచ్చెన పడుతుంది. క్రోషా సూదితో ఒక్కో మెట్టూ పైకి లాక్కోవాలి. పది వరసల కింద జారితే విప్పడమే మేలు. మంచి అల్లికగత్తె నిట్టూర్చకుండా విప్పుతుంది. అదే ఆవిడ రచయిత్రిగా ఒక్క పేరా కొట్టేయమంటే మూడు రోజులు అన్నం తినదు. మూడో అధ్యాయంలో కాలం చేసిన తాతగారు పంతొమ్మిదో అధ్యాయంలో కాఫీ అడిగితే, ఆ వారం సంచిక ఇప్పటికే బస్టాండ్లలో వేలాడుతుంటే, విప్పడానికి ఏమీ ఉండదు. దాన్ని మాంత్రిక వాస్తవికత అనేయండి. స్వెటర్‌లో కన్నాన్ని డిజైన్ అనండి. రెండు మాటలూ ఎదుటివాళ్లు నోరెత్తకుండా చేస్తాయి.

ఊలు చాలకపోతే అదే రంగు కొనకండి, అదే లాట్ నంబరుది కొనండి. రంగు ఒకటే అయినా అద్దకం వేరైతే వీపు మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. పాత లాట్ దొరకనప్పుడు రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది కలుపుతూ పోతే తేడా కలిసిపోతుంది. ఈ ఒక్క సూచనలో వెటకారం లేదు, నిజంగానే పనిచేస్తుంది.

6. ఆవిష్కరణ సభలో కూర్చునే పద్ధతి

వేదిక మీద ఒక పెద్దాయన “వీరు స్వెటర్ అల్లినంత సునాయాసంగా నవల రాశారు” అంటారు. జీవితంలో సూది పట్టి ఎరగరు, నవల అట్ట మీద ఉన్నదాకా చదివారు. అయినా చప్పట్లు కొట్టండి. రెండో వక్త, ఇంటిపనంతా అయ్యాక తీరిక వేళల్లో ఇంత రాయడం అభినందనీయం అంటారు. ఆయన రాసిన తీరిక వేళల్లో ఇంటిపని ఎవరు చేశారని అడగకండి, సభామర్యాద కాదు. ఆలోచన కోసం పెట్టెలకొద్దీ సిగరెట్లు తగలేసిన రచయితది చింతన. అదే ఆలోచన కోసం నాలుగు వరసలు అల్లిన రచయిత్రిది కాలక్షేపం. ఈ తేడా మీకు అర్థం కాకపోతే మీరింకా సాహిత్యానికి కొత్తన్నమాట.

మాలతీ చందూర్ గారిని తలుచుకుని ధైర్యం తెచ్చుకోండి. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు, ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాలపాటు నడిపారు, వందలాది ఇంగ్లీషు నవలలను తెలుగువాళ్లకు పరిచయం చేశారు. ‘వంటలు పిండివంటలు’ పుస్తకం కూడా రాశారు. ఆమె పేరెత్తితే ముందుగా గోంగూర పచ్చడి గుర్తొచ్చే విమర్శకులు మీ పేరెత్తినప్పుడు ఊలు ఉండను గుర్తుచేసుకుంటే అది గౌరవమే అనుకోండి.

7. ధర చెప్పే విధానం

పక్క ఫ్లాటు పిన్నిగారు వస్తారు. “ఖాళీగానే ఉన్నావుగా తల్లీ, మా మనవడికో స్వెటర్ అల్లిపెట్టు. ఊలు నేనే తెచ్చిస్తాలే.” వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “నీ నవలొకటి ఇవ్వమ్మా, మా కోడలు చదువుతుందట. నువ్వుండగా కొనడమెందుకు?” అంటారు. నవ్వుతూ రెండూ ఒప్పుకోండి. తర్వాత ఒంటరిగా కూర్చుని లెక్క వేయండి.

పెద్దవాళ్ల స్వెటర్ వీపుకు 110 కుట్లు, 180 వరసలు అనుకుందాం. 19,800 కుట్లు. ముందు భాగం అంతే, రెండు చేతులూ కలిపి ఇంచుమించు అంతే. మెడకీ చంకలకీ తగ్గించినవి తీసేసినా యాభై వేలకు పైమాటే. పేజీకి రెండొందల మాటల చొప్పున రెండొందల యాభై పేజీల నవలంటే యాభై వేల మాటలు. ఒక స్వెటర్, ఒక నవల, లెక్క ఇంచుమించు సరిసమానం. లోకం కట్టిన ఖరీదు కూడా సమానమే: ఊలు డబ్బులు, కాగితం డబ్బులు. చేతులవీ బుర్రవీ ఊరికే.

ఇది మీ ఒక్కరి కథ అనుకుంటే పొరపాటు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లే క్రోషా లేసు విదేశాలకు వెళ్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి పరిశీలించి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకం రాశారు. రోజులో గంటలకొద్దీ అల్లుతున్నా వాళ్లను ఎవరూ కార్మికులుగా చూడలేదు, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులన్నారు, అందుకే అంత తక్కువ కూలీ చెల్లిందని ఆమె తేల్చారు. మనం చాలా మర్యాదగా వాడే ‘తీరిక వేళ’ అనే మాటకు మార్కెట్లో అదీ విలువ.

అందుకే ఆఖరి సూచన రాసేవాళ్లకూ అల్లేవాళ్లకూ కాదు, మీకు. తెలిసినావిడ నవల రాస్తే కొని చదవండి. స్వెటర్ కావాలనిపిస్తే ఊలుతోపాటు కూలీ ఎంతో అడిగి, ముందే ఇవ్వండి. రెండూ కుదరకపోతే, ఆవిడ చెయ్యెత్తి లెక్కపెడుతున్నప్పుడు కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. “ఖాళీగానే ఉన్నారుగా” అన్న మాట మాత్రం ఇక ఎవరితోనూ అనకండి.