ప్రత్యేకించి మీకోసమే

వినియోగదారుడి అభిరుచికి తగ్గట్టు సరుకునో సేవనో మలిచి అందించడాన్ని వ్యాపార భాషలో పర్సనలైజేషన్ అంటారు. కోట్లమందికి ఒకేసారి 'ఇది ప్రత్యేకించి మీకోసమే' అని చెప్పగలగడం ఈ విద్యలోని గొప్పతనం.

కిటుకు చిన్నదే. ఒక వస్తువు కొన్నవాళ్లు ఇంకేం కొన్నారో లెక్కగట్టి, అదే వస్తువు కొన్న మరొకరి ముందు పెట్టడం. 1998లో అమెజాన్ అందుకున్న పద్ధతి ఇదే. ఊరందరి కొలతలూ తీసి ఒకరికి జాకెట్టు కుట్టడమన్నమాట. ప్రెషర్ కుక్కర్ కొన్న గృహస్థుకు మర్నాటి నుంచి ఫోన్ నిండా కుక్కర్లే: 3 లీటర్లది, 5 లీటర్లది, స్టీలుది, మూత లోపలికి పోయేది. ఒక కుక్కర్ కొన్నవాడికి కుక్కర్లంటే పిచ్చి అని యంత్రం తీర్మానం. గాస్కెట్ పాడైననాడు మాత్రం వీధిచివరి కొట్టే గతి.

అయినా జనం మురిసిపోతారు. ఎందుకో షాపింగ్ సైట్లు పుట్టకముందే తేలింది. 1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, 'మీ వ్యక్తిత్వం ఇదీ' అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే రాత. అందులో ఎక్కువభాగం పత్రికల దుకాణంలో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తింది. తెలుగు పత్రికల దినఫలాల్లో 12 పేరాలకే పాఠకులంతా సర్దుకుపోవడం ఈ సూత్రం మీదే.

నెట్‌ఫ్లిక్స్‌కు ఇంతకన్నా కచ్చితత్వం కావాల్సివచ్చింది. ఏ సినిమాకు ఎవరెన్ని స్టార్లు ఇస్తారో తన సాఫ్ట్‌వేర్ కంటే 10 శాతం మెరుగ్గా ఊహించినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తానని 2006లో ప్రకటించింది. దాదాపు 4.8 లక్షల మంది చందాదారుల 10 కోట్ల రేటింగులను పేర్లు తీసేసి బయటపెట్టింది. 2009లో ఒక జట్టు గెలిచింది. అదే స్కోరు 20 నిమిషాలు ఆలస్యంగా పంపిన జట్టుకు దక్కింది సున్నా. అంతా అయ్యాక, పడే శ్రమకు తగ్గ లాభం లేదని కంపెనీ ఆ గెలిచిన సూత్రాన్ని పూర్తిగా వాడనే లేదు.

ఈలోగా టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అర్వింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఆ రేటింగులను ఐఎండీబీ అనే సినిమా సైట్‌లో బహిరంగంగా ఉన్న రేటింగులతో పోల్చి, పేరులేనివారిలో కొందరెవరో పట్టేశారు. మనిషికి ఏం నచ్చుతుందో తేల్చడానికి మూడేళ్లూ వేల జట్లూ పడితే, ఆ మనిషి ఎవరో తేల్చడానికి ఇద్దరు సరిపోయారు. దావా పడింది. 2010లో నెట్‌ఫ్లిక్స్ రాజీ చేసుకుని, తలపెట్టిన రెండో పోటీని విరమించుకుంది. సిఫార్సులను విరమించుకోలేదు.