పరుపు చీటీకి టీకా తాత్పర్యము

మూలము

78 × 60 × 6, క్వీన్
ఆర్థో, మీడియం ఫర్మ్
పదేండ్ల వారంటీ
దిండ్లు రెండు ఉచితము

అవతారిక

పెండ్లి కుదిరిన ఇంటివారు సారె సామాను కొనుటకు బయలుదేరి, బీరువా ముగించి, పరుపుల అంగడి చేరిరి. పెద్దలు ఆరుగురు. ఆ పరుపుపై పండుకొనబోవు ఇద్దరు మాత్రము అచట లేరు. ఈ సందర్భము ఎరుగనివారికి మూలము బోధపడదు.

ప్రతిపదార్థము

78 = పొడవు, అంగుళములలో; అనగా ఆరున్నర అడుగులు. ఇచట పాఠభేదములు మెండు. 75 అని కొన్ని ప్రతులు, 72 అని కొన్ని. 72 అనునది వడ్రంగుల పాఠము. "ఆరు అయిదు" అని చెప్పి చేయించిన టేకు మంచముపై 78 పరచినచో ఆరంగుళముల పరుపు గాలిలో నిలుచును. 80 అనునది అమెరికా ప్రతి. ఇక్కడి క్వీన్ కొలతకు దుప్పటి కుట్టించి డల్లాసులోని కూతురికి పంపిన తల్లులకు ఈ భేదము అనుభవైకవేద్యము. ఏ పాఠము గ్రాహ్యము? పరుపు దిగు చోట టేపు పెట్టి కొలిచినదే. మంచము ఇంకను కొననివారు ఇంటిలో పొడగరిని కొలువవలెను. అల్లుడు ఐదడుగుల పది అంగుళములైనచో 72లో మిగులునవి రెండే.

60 = వెడల్పు. ఇద్దరికి పంచగా తలకు ముప్పది. అమెరికాలో పసిపిల్లల తొట్టి వెడల్పు 28 అని స్మరింపదగును. నడుమ ఒక శిశువు అడ్డముగా పవళించు కాలము రాకపోదు. అప్పుడు 72, అనగా కింగ్. కాని పదికి పది గదిలో కింగ్ వేసి, ప్రక్కన రెండడుగుల లోతు బీరువా నిలిపినచో రెండడుగుల సందు మిగులును. బీరువా తలుపు తెరచుకొనును గాని తెరచినవారికి నిలుచు చోటుండదు.

6 = మందము. ఎత్తు మంచముపై పదంగుళములది వేసినచో అమ్మమ్మ కాళ్ళు నేల కానవు. ఇంతకన్న చెప్పవలసినది లేదు.

ఆర్థో = అంగడి ఇచ్చిన బిరుదము; వైద్యుడు ఇచ్చినది కాదు.

మీడియం ఫర్మ్ = బండకును దూదికిని నడిమిది. నడుము నొప్పికి గట్టి పరుపే మందని పెద్దల మతము. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వైద్యులు ఈ మతమును ఖండించిరి: దీర్ఘకాలపు నడుము నొప్పి గల 313 మందిని పరీక్షింపగా గట్టి దానికన్న నడిమిదే మేలని తేలినది. ప్రక్కకు తిరిగి పండుకొనువారికి భుజము, తుంటి కొంత దిగవలెను గనుక మరికొంత మెత్తదనము. బోర్లా పండుకొనువారికి గట్టిదనము. కొబ్బరిపీచులో గాలి ఆడును. మెమరీ ఫోమ్ ఒంటికి ఒదుగును గాని వేడిని వదలదు. రెంటచింతల వేసవిలో ఏసీ లేక దానిపై శయనించుట తపస్సు. నులకమంచమున ఈ చర్చయే లేదు: కాళ్ళవైపు తాడు బిగించినచో ఫర్మ్, వదలినచో సాఫ్ట్.

తాత్పర్యము

చీటీ చదివి పరుపును ఎరుగ వీలు కాదని భావము. అరచేతితో అదుమువారు హస్తవాదులు. అంచున కూర్చుండి రెండు మార్లు ఎగురువారు ఆసనవాదులు. చెప్పులు విడిచి, తాను రోజూ పండుకొను భంగిమలోనే పావుగంట పండుకొని చూడవలెనన్నది శయనవాదము. ఇదియే సిద్ధాంతమని అందరును ఒప్పుకొందురు; అద్దాల అంగడిలో, వీధి అంతయు చూచుచుండగా, ఆచరించువారు అరుదు. దంపతులిద్దరును కలిసి పరీక్షింపవలెననుట మరియు చిక్కు. ఒకరు దొర్లినపుడు రెండవవారికి నిద్ర చెడునా లేదా అన్నది అట్లుగాని తెలియదు. పాకెట్ స్ప్రింగులో ఆ కదలిక తక్కువ, పాత బోనెల్ స్ప్రింగులో ఎక్కువ. కాని ముహూర్తమునకు ముందే వధూవరులను అంగడిలో ఒకే పరుపుపై పరుండబెట్టుట ఎట్లు? అందుచే పెద్దలు ఆరుగురును వంతులవారీగా అదిమిరి. పెదనాన్నగారు "గట్టిగానే ఉందయ్యా" అనిరి. బిల్లు వ్రాయబడెను.

విశేషములు

పదేండ్ల వారంటీ పరుపు నడుమ గుంట పడినప్పటికి. మరకలు పడిన పరుపునకు వర్తింపదని చాల కంపెనీల షరతు. పైన చెప్పిన శిశువు వచ్చిన మొదటి రాత్రికే ఇది ముగియునని గ్రహింపవలెను.

"దిండ్లు రెండు ఉచితము" అను పాదము ప్రక్షిప్తము. మామూలు రోజుల ప్రతులలో లేదు; దసరా, సంక్రాంతి ప్రతులలో మాత్రమే కనిపించును. బేరమాడువారి ప్రతిలో దిండ్లు నాలుగు.